గుమ్మంలో బల్ల

హలో... హలో, వినపడుతోందాండీ? ఆఁ, సరే. బారు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను, మా ఊళ్లో సిగ్నల్ ఇక్కడొక్కచోటే సరిగ్గా అందుతుంది. మధ్యలో గాలి హోరు వినిపిస్తే విసుక్కోకండి, కోతలైపోయిన ఈ మైదానంలో గాలికి అడ్డం నిలబడేది ఏదీ లేదు. భోజనాలయ్యాయా అందరివీ? అయితే కాస్త స్థిమితంగా కూర్చోండి. ఇవాళ మా దొమితిలా కథ చెబుతాను. నల్లుల కథ. నవ్వకండి మరి. శాంతియాగో పుణ్యక్షేత్రానికి పోయే బాట పట్టి నడిచే యాత్రికుడు ఎండకు భయపడడు, కుక్కకు భయపడడు. నల్లి పేరు చెబితే మాత్రం సంచి భుజానికెత్తుకుని పక్క ఊరికి పరుగు తీస్తాడు.

మా ఊరు విల్యమోరా. చర్చి పక్కన మట్టి ఇటుకల సత్రం ఒకటుంది. దాని తాళంచెవి దొమితిలా నడుముకే వేలాడేది. పొద్దున్నే యాత్రికులు కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాక ఆమె పని మొదలయ్యేది. ఒక్కో పరుపూ లేపి గోడకు నిలబెట్టి, చిన్న టార్చి పళ్ల మధ్య కరుచుకుని, కాలం చెల్లిన బస్సు కార్డు ఒకటి తీసుకుని కుట్ల వెంబడి మెల్లగా దువ్వేది. పెన్ను మొనతో పొడిచినట్టు నల్లచుక్కలున్నాయా, గోధుమపొట్టులాంటి ఎండిన పొరలున్నాయా అని వెతికేది. ఇనప మంచాల కోళ్ల కింద, నల్లి పైకెక్కకుండా, నూనె పోసిన ఖాళీ చేపల డబ్బాలు పెట్టింది. గోడకూ మంచానికీ మధ్య జానెడు సందు వదిలింది. దుప్పటి నేలకు తగిలితే ఊరుకునేది కాదు. ఎవరైనా సంచి తీసి మంచం మీద పడేస్తే, "అది పెళ్లికూతురా పడుకోబెట్టడానికి? కొక్కేనికి తగిలించు" అనేది.

కిందటేడు వేసవిలో సత్రం నిండా నల్లులు పడ్డాయి. అప్పుడున్నవి చెక్క మంచాలు. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. చివరికి మంచాలన్నీ కళ్లంలో కుప్పవేసి తగలబెట్టారు. మూతపడిన బోర్డింగు బడి నుంచి ఈ ఇనప మంచాలు తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కడే అయిన ఫాదర్ ఒనేసిమో ఆ రోజు మంట దగ్గర నిలబడి చెప్పాడు.

"దొమీ, ఇంకోసారి నల్లి కనిపిస్తే నన్ను బతిమాలొద్దు. తాళంచెవి చేతిలో పెట్టెయ్."

పెట్టేస్తే ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. సత్రం ఉంటేనే సతూరియో బారుకు బేరం. బారు తెరిచి ఉంటేనే రొట్టెల బండి ఆగుతుంది. బండి ఆగకపోతే మిగిలిన నలుగురు ముసలివాళ్లు పిల్లలున్న పట్నాలకు పోతారు. ఇలా పోయిన ఊళ్లు చుట్టూ కనిపిస్తూనే ఉన్నాయి. చర్చి గంట గోపురం మీద కొంగ గూడు తప్ప ఏమీ మిగలని ఊళ్లు.

అందుకే దొమితిలా గుమ్మంలోనే పరీక్ష పెట్టింది. తలుపు దాటగానే చిన్న వసారా, అందులో ఒక పాత చర్చి బల్ల. చర్చికి కొత్త కుర్చీలు వచ్చినప్పుడు పాత బల్లలన్నీ పొయ్యిలోకి పోతుంటే ఈ ఒక్కదాన్ని తనే అడ్డుపడి తెచ్చుకుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చున్న బల్ల అది. చర్చి పీఠానికి వేసే పాత ఊదారంగు తెర గుడ్డ కత్తిరించి, గొర్రెబొచ్చు కూరి, మెత్త కుట్టి దానిమీద పరిచింది. వచ్చినవాళ్లెవరైనా ముందు ఆ బల్ల మీద కూర్చోవాలి. బూట్లు విప్పాలి. సంచి నల్ల ప్లాస్టిక్ గోతంలో వేసి మూతి బిగించి ఎండలో పెట్టాలి. చొక్కా చేతులు మడవాలి, మెడ చూపించాలి. దొమితిలా టార్చి వేసి చూసేది. ఒంటి మీద మచ్చ లేకపోతేనే లోపలికి.

మధ్యాహ్నం యాత్రికులు రాకముందు ఆ బల్ల మీదే ఆమె కునుకు తీసేది. సత్రం మొత్తంలో చల్లటి చోటు అదే.

సెప్టెంబరులో ఒక రోజు, పొద్దు వాలుతుండగా, మంచాలన్నీ నిండిపోయాక ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. గడ్డి టోపీ, ఆకుపచ్చ సంచి. ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది. బల్ల చూడగానే ఎవరూ చెప్పకుండానే కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఆగమ్మా, చోటు లేదు. నిండిపోయింది" అంది దొమితిలా.

"నాకు కిటికీ పక్కన కింది మంచం చాలు."

"ఏ మంచమైనా ఒకటే. ఖాళీ లేదంటున్నాగా."

"తెలుసక్కా, విన్నాను. అయినా అడగాలి కదా." మాటలో దక్షిణాది మూర్సియా యాస. చివరి అక్షరాలు మింగేస్తోంది. "రెండేళ్ల కిందట నేనూ మా ఆయనా ఇక్కడిదాకా నడిచాం. మేం ప్రతి ఏడూ దొరికిన సెలవుల్లో కొంచెం కొంచెం నడిచేవాళ్లం. ఆ మంచం మీద పడుకున్నాడు. తెల్లారేసరికి గుండె పట్టేసింది. మీరే అంబులెన్సుకు ఫోను చేశారు. గుర్తులేదా?"

దొమితిలా ఆమె ముఖంలోకి చూసింది. ఏడాదికి ఎన్ని ముఖాలు. అంబులెన్సులు కూడా ఒకటా రెండా.

"గుర్తుంది" అంది. "ఆయన ఎలా ఉన్నాడిప్పుడు?"

"ఆ వారమే పోయాడు."

దొమితిలా చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. ఆర్పింది.

"ఆయన ఆగిన చోటు నుంచి నేను మొదలుపెడదామని వచ్చాను" అంది ఆవిడ. "హోటల్లో గదులు ఊడుస్తాను. సెలవు కొంచెమే ఇచ్చారు. లియోను పట్నం చేరితే చాలు. మిగతాది వచ్చే ఏడు. కాని ముందు ఒక్క రాత్రి ఆ మంచం మీద పడుకోవాలి. నా పేరు ఫ్వెన్‌సాంతా."

ఆ మంచం కళ్లంలో బూడిదైపోయిందని చెప్పడానికి దొమితిలాకు నోరు రాలేదు. పద్ధతి ప్రకారం చేతులు చూసింది, మెడ చూసింది. కడిగిన కంచంలా ఉంది ఒళ్లు.

"ఇవాళ్టికి సతూరియో వ్యానులో పక్క ఊరు కాస్త్రిల్యోలో దింపిస్తాను. అక్కడ ప్రిసీలా సత్రంలో పడుకో. రేపు మధ్యాహ్నం వచ్చెయ్. నేను తలుపు తియ్యగానే కిటికీ పక్క మంచం నీదే."

"మాటేనా?"

దొమితిలా బొటనవేలు చూపుడువేలు మీద అడ్డంగా పెట్టి, ఆ శిలువను ముద్దు పెట్టుకుంది. మా దగ్గర అంతకు మించిన ఒట్టు లేదు.

సతూరియో బారులో బేరాలు చూసుకుని వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. అంతసేపూ ఫ్వెన్‌సాంతా ఆ బల్ల మీదే మెత్తకు చేరగిలబడి, చీలమండకు నూనె రుద్దుకుంటూ, దొమితిలా ఇచ్చిన వెల్లుల్లి చారు తాగుతూ కూర్చుంది. వ్యాను ఎక్కేటప్పుడు చెయ్యూపింది.

మర్నాడు దొమితిలా కిటికీ పక్క మంచం మీద తన తువ్వాలు మడిచి పెట్టింది. పరుపు కుట్లు శుభ్రంగా ఉన్నాయి. ఇనప్పట్టెకు ఒక లావెండరు కట్ట కూడా కట్టింది.

ఎండ నెత్తిమీద ఉండగా ఫ్వెన్‌సాంతా, యాత్రికులకు పడమటి దారి చూపే పసుపు బాణాలకు ఎదురు నడుచుకుంటూ వచ్చింది. అప్పటికే గుమ్మం ముందు వరస ఉంది. బిల్బావు నుంచి వచ్చిన పొడుగాటి మనిషొకడు, వాడి వెనక ఇద్దరు స్నేహితులు. ఫ్వెన్‌సాంతా చెమట తుడుచుకుంటూ బల్ల మీద కూర్చుంది.

"దారిపొడుగునా ఒకటే గోల" అంది నవ్వుతూ. "అమ్మా వెనక్కి పోతున్నావు, దారి తప్పావు అని. ఒకడైతే నా భుజాలు పట్టుకుని తిప్పేశాడు."

దొమితిలా కూడా నవ్వింది. నవ్వుతూనే టార్చి వేసింది. ఆవిడ కుడి చేతి మీద, మోచేతి పైన, వరసగా మూడు ఎర్రటి దద్దుర్లు. మెడ వెనక ఇంకో రెండు.

టార్చి అక్కడే ఆగిపోయింది.

"ఏంటక్కా?"

"ఇవెప్పుడు లేచాయి?"

"పొద్దున దురద పెట్టింది. దోమేమో."

"దోమ గీత గీసినట్టు కుట్టదు."

బిల్బావు మనిషి తన సంచిని నేల మీద నుంచి పైకెత్తేశాడు. స్నేహితులు రెండడుగులు వెనక్కి వేశారు. "ఆమెను లోపలికి రానిస్తే మేం ముందుకు పోతాం" అన్నాడు వాడు, మర్యాదగానే.

"నేను హోటల్లో పనిచేస్తానయ్యా" అంది ఫ్వెన్‌సాంతా వాడితో. "నాకూ తెలుసు అవేంటో." దొమితిలా వైపు తిరిగింది. "బట్టలన్నీ మరిగే నీళ్లలో వెయ్యండి. సంచి ఎండలో పెట్టండి. నేను స్నానం చేసి మీరిచ్చిన దుప్పటే కప్పుకుంటాను. అక్కా, చెప్పండి. ఒక్క రాత్రి."

దొమితిలా లేచి నిలబడింది. నడుముకున్న తాళంచెవి పట్టుకుంది. "లేదమ్మా."

"మాటిచ్చారు."

"మాట నీకిచ్చాను. నీతో వచ్చినవాటికి ఇవ్వలేదు."

ఫ్వెన్‌సాంతా మెల్లిగా చొక్కా చేతులు దించుకుంది. బొత్తాలు పెట్టుకుంది. బూట్లు మళ్లీ తొడుక్కోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. కాలు వాచిపోయింది మరి.

"చర్చి అరుగు మీద పడుకో. దుప్పటి ఇస్తాను, చారు తెస్తాను" అంది దొమితిలా. "మా అమ్మ కాలంలో అయితే కుష్ఠురోగిని కూడా వెనక్కి పంపలేదట. ఏం చెయ్యను. ఇప్పుడు కాలం వేరు."

"ఆ మంచం ఇంకెవరికీ ఇవ్వకండి అయితే" అంది ఫ్వెన్‌సాంతా. "ఖాళీగా ఉంచండి. అది చాలు."

దొమితిలా తలూపింది. ఆ సాయంత్రమే బిల్బావు మనిషి ఆ మంచం మీద తన స్లీపింగ్ బ్యాగు పరుచుకున్నాడు. పొడుగాటి మనిషి కదా, కాళ్లు చాపుకోవడానికి అదే బాగుంది.

ఆ తరవాత దొమితిలా ప్రిసీలాకు ఫోను చేసింది.

"నీ సత్రంలో నల్లులు పడ్డాయే ప్రిసీలా."

"పొద్దు గుంకకముందే తాగావేంటి? నా పరుపులు మొన్నే మందు కొట్టి ఎండబెట్టినవి."

"నిన్న నేను పంపినావిడ ఒళ్లు అద్దంలా ఉంది. ఇవాళ నీ దగ్గర పడుకుని లేచి వచ్చేసరికి పూసలు కుట్టినట్టు వరసగా దద్దుర్లున్నాయి. నేనేమనుకోవాలి?"

"నువ్వేమైనా అనుకో. కిందటేడు నల్లులు పడింది ఎవరి సత్రంలోనో దేశమంతా తెలుసు."

కాసేపు అలా ఒకరినొకరు దులుపుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ కలిశారు. బాట మీద సత్రాలవాళ్లందరికీ ఫోనులో ఒక గ్రూపుంది. నల్లి కాట్లున్న మనిషి ఎవరైనా ముందుకు పోతుంటే అందులో ఆనవాలు పెడతారు. అది మా వాళ్ల ఆచారమే అయిపోయింది. దొమితిలా ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది. "మూర్సియా ఆవిడ. గడ్డి టోపీ, ఆకుపచ్చ సంచి, కాలు ఈడుస్తుంది. కుడిచేతి మీద మూడు. చూసుకోండి."

ఆ ఒక్క మాటతో లియోను దాకా తలుపులన్నీ మూతపడ్డాయి.

పొద్దున్నే చూస్తే అరుగు ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, నల్ల ప్లాస్టిక్ గోతంలో వేసి, మూతి గట్టిగా ముడివేసి, ఎండ ముందుగా తగిలే గోడ మీద పెట్టి ఉంది. చారు తాగిన గిన్నె కడిగి దానిపక్కన బోర్లించి ఉంది. దొమితిలా ఆ ముడి విప్పబోయి ఆగింది. తను రోజూ వచ్చినవాళ్లందరికీ నేర్పే ముడి అదే.

యాత్రికులు వెళ్లిపోయారు. బిల్బావు మనిషి, "భలే నిద్ర పట్టిందమ్మా" అని చెప్పి మరీ వెళ్లాడు. పరుపులన్నీ దువ్వింది. ఎక్కడా ఏమీ లేదు. ఆ మూర్సియా ఆవిడ రెండుసార్లు బల్ల మీద కూర్చుంది కదా, ఏమైనా వదిలిపోయిందేమో అనిపించింది. మెత్త ఎత్తి పెరట్లోకి తెచ్చింది. రంపపు పొట్టు రాలినట్టు ఏదో రాలింది. రొట్టె కోసే కత్తి తెచ్చి ఊదా గుడ్డ కుట్టు ఒకవైపు కోసింది.

గొర్రెబొచ్చు మధ్యలో గోధుమపొట్టు. గుప్పెళ్లు గుప్పెళ్లు. పాతవి, కొత్తవి, పిండిలా నలిగిపోయినవి. కుట్టు మడతల్లో నల్లచుక్కలు ఒకదాని మీద ఒకటి పడి తారు పూసినట్టున్నాయి.

కత్తి కింద పెట్టి వసారాలోకి వెళ్లింది. బల్లను పక్కకు పడేసి అడుగున టార్చి వేసింది. మోకాళ్లూనే చెక్క కలిసే చోట, పగుళ్లలో, మేకుల చుట్టూ అవి మందంగా పట్టి ఉన్నాయి. కొన్ని వెలుగుకు మెల్లగా కదిలాయి.

ఒక్కరోజులో, ఒక్క వారంలో పెట్టిన కాపురం కాదది. మంచాలు తగలబెట్టినప్పుడూ ఈ బల్ల ఇక్కడే ఉంది. మందు కొట్టినవాళ్లు పడకగదులన్నీ కొట్టారు, వసారాలో ఎవరూ పడుకోరు కదా అని వదిలేశారు. వచ్చిన ప్రతి మనిషినీ, శుభ్రంగా ఉన్నవాణ్ని కూడా, తనే చెయ్యి పట్టుకుని తెచ్చి దీని మీద కూర్చోబెట్టింది. చేతులు చూపించమంది. చూసి లోపలికి పంపింది.

మరి తనో. రోజూ దీని మీదే కదా కునుకు తీసేది.

దొమితిలా నేల మీద చతికిలబడి చొక్కా చేతులు పైకి లాక్కుంది. ఏమీ లేదు. పిక్కలు చూసుకుంది. ఏమీ లేదు. పగులులోంచి దిగుతున్న ఒకదాన్ని గడ్డిపరకతో ఎత్తి ముంజేతి మీద పెట్టుకుంది. అది కాసేపు తిరిగింది. ఒకచోట కుదురుకుంది. పప్పుగింజలా పలచగా ఉన్నది ఎర్రగా ఉబ్బేదాకా ఆమె చెయ్యి కదపలేదు. తరవాత దాన్ని బండకేసి నలిపింది. ఆ చోటునే చూస్తూ కూర్చుంది. నీడ వసారా దాటి పోయింది. చర్మం తెల్లగానే ఉంది. కొందరి ఒళ్లు అంతే, ఎంత కుట్టినా నోరు మెదపదు. అట్లాంటి ఒంటిని పెట్టుకుని దారిన పోయేవాళ్ల ఒళ్లకు తీర్పులు చెప్పింది.

రొట్టెలు ఇవ్వడానికి వచ్చిన సతూరియో ఆమెను అలా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమే దొమీ, పడ్డావా?"

ఆమె బల్ల వైపు చూపించింది. అతను వంగి చూశాడు. రొట్టెల సంచి బయట గోడ మీద పెట్టి వచ్చాడు.

"ఆ కొస నువ్వు పట్టుకో" అన్నాడు.

ఇద్దరూ కలిసి దాన్ని కళ్లంలోకి మోసుకెళ్లారు. మెత్త పైన వేశారు. పాత చెక్క కదా, అగ్గిపుల్ల తగలగానే అంటుకుంది. చిటపటలు ఎక్కువసేపే వినిపించాయి.

"అయిపోయింది" అన్నాడు సతూరియో. "వసారాకు మందు నేను తెచ్చి కొడతాను. నువ్వు నోరు మూసుకో చాలు. చలికాలం వస్తోంది, ఎవరూ రారు. వసంతానికి అంతా సర్దుకుంటుంది."

"ఆవిడో?"

"ఏ ఆవిడ?"

"తలుపులన్నీ వేయించాను కదరా, ఆవిడ."

"వెళ్లిపోయింది కదే. వెళ్లిపోయినవాళ్ల గురించి ఏడిస్తే ఇక్కడున్నవాళ్లం ఏం తినాలి? నా బారు సంగతి ఆలోచించు. ముసలి నికనోర్ సంగతి ఆలోచించు. వాడికి రొట్టె ఎవరు తెస్తారు?"

దొమితిలా మంట వైపే చూస్తోంది. అమ్మ చెయ్యి ఆనించి ఆనించి నునుపెక్కిన బల్ల అంచు నల్లబడి విరిగిపడింది.

సతూరియో వెళ్లాక ఫోను తీసింది. రెండుసార్లు నోటిదాకా తెచ్చి దించేసింది. మూడోసారి చెప్పింది.

"అందరికీ చెబుతున్నాను. నేను విల్యమోరా దొమితిలాని. మూర్సియా ఆవిడ తప్పు లేదు. ప్రిసీలా సత్రం తప్పు కూడా లేదు. నల్లులు నా గుమ్మంలో బల్లలోవి. ఆవిణ్ని కుట్టింది నా ఇంట్లోనే. దయచేసి లోపలికి రానివ్వండి."

జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. ఒకరు అయ్యో అన్నారు. ఒకరు కిందటేడే అనుకున్నామన్నారు. ప్రిసీలా గొంతు అన్నిటికంటే గట్టిగా వచ్చింది.

"అంటే ఆవిడ రెండుసార్లు ఆ గూటి మీద కూర్చుందన్నమాట. నిన్నటిదాకా అనుమానం, ఇవాళ ఖాయం. ఆ సంచి నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు. అమ్మాయిలూ, మీరు కూడా జాగ్రత్త."

అమ్మాయిలందరూ సరే సరే అన్నారు.

నిజం చెబితే తలుపు తెరుచుకుంటుందని దొమితిలా అనుకుంది. ఇంకో గడియ పడింది.

మర్నాడు ఫాదర్ ఒనేసిమో దుమ్ముకొట్టుకుపోయిన చిన్న కారులో వచ్చాడు. ఆయన కోప్పడలేదు. వసారాలో బల్ల ఉన్న చోట నేల మీద మిగిలిన తెల్లటి చారను చూశాడు.

"నాకొక్కడికే చెప్పి ఉంటే ఏదో చూద్దుం" అన్నాడు. "అందరికీ చెప్పేశావు. ఇప్పుడు మూయకుండా ఎట్లా?"

దొమితిలా నడుము నుంచి తాళంచెవి విప్పింది. ఇన్నేళ్లుగా కట్టిన ముడి, గోళ్లతో రాలేదు. ఆయనే జేబులోంచి చాకు తీసి దారం తెంపాడు.

బారు ముందు నుంచి నడిచి వెళుతుంటే సతూరియో గ్లాసులు తుడుస్తూ కనిపించాడు. తల ఎత్తలేదు. ఆమె ఆగలేదు. ఊరు దాటి పసుపు బాణాల వెంట పడమటికి నడిచింది. పుట్టినప్పటి నుంచీ ఈ బాట పక్కనే ఉంది కాని, దీని మీద నడిచి పక్క ఊరికి పోయింది తక్కువ. మోడుల మధ్య తెల్లటి దారి. ఎక్కడా నీడ లేదు.

ప్రిసీలా తలుపు సగం తెరిచింది. నీలం పూల ఏప్రాను, చేతికి రబ్బరు తొడుగులు.

"నువ్వా దొమీ. చేతులు చూపించు."

దొమితిలా చూపించింది. ప్రిసీలా టార్చి వేసి అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లగా, మచ్చలేకుండా ఉన్నాయి.

"శుభ్రంగానే ఉన్నాయి" అంది. "అయినా వద్దులే. ఏమనుకోకు. ఇక్కడే మాట్లాడుకుందాం. మంచినీళ్లు తెస్తాను, అక్కడ రాయి మీద కూర్చో."

"కూర్చోను. ఆవిడ ఎక్కడుంది?"

"ఎవరూ రానివ్వలేదట. మా ఊరి గడ్డిపాకలో పడుకుందని మావాడు చెప్పాడు. కాలు బాగా వాచింది. హైవే మీద బస్సు ఆగే చోట కూర్చుని ఉంది. ఇంటికి పోతుందనుకుంటా."

బస్సు షెల్టరులో గడ్డి టోపీ మోకాలి మీద పెట్టుకుని ఫ్వెన్‌సాంతా కూర్చుని ఉంది. సంచి మాత్రం పక్కన లేదు. రోడ్డవతల, ఎండలో, నల్ల గోతంలో ముడివేసి ఉంది. దొమితిలాను చూసి ఆమె లేవలేదు. జరిగి చోటూ ఇవ్వలేదు. వద్దని కూడా అనలేదు. దొమితిలా కొంచెం ఎడంగా కూర్చుంది.

చెప్పింది. బల్ల గురించి, మెత్త గురించి, తన ఒంటి గురించి. సత్రానికి తాళం పడిందని చెప్పింది. కిటికీ పక్క మంచం గురించి కూడా చెప్పింది.

"అది లేదమ్మా. నువ్వడిగిన మంచం కిందటేడే కాల్చేశాం. ఇప్పుడున్నది వేరేది. అది కూడా నీకు ఖాళీగా ఉంచలేదు. వేరేవాడికి ఇచ్చాను."

లారీలు వెళుతున్నాయి. వెళ్లిన ప్రతిసారీ షెల్టరు అద్దం గలగలమంది.

"ఆ బల్ల అప్పుడు కూడా ఉందా?" అంది ఫ్వెన్‌సాంతా.

"ఎప్పుడు?"

"మేం వచ్చినప్పుడు. మా ఆయన దాని మీద కూర్చున్నాడు. నేను స్నానానికి వెళ్లి వచ్చేదాకా అక్కడే కునుకు తీశాడు."

"ఉంది."

"ఆ రాత్రంతా గోక్కున్నాడు. నడుం, వీపు. ఇనపగిన్నె గీకినట్టు చప్పుడు. నాకు ఒళ్లు తెలియని అలసట. పడుకోనివ్వవా, పందిలా ఆ గోకుడేంటి అని తిట్టాను. అంతే, ఆపేశాడు. ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాడు, నాకు చప్పుడు వినపడకూడదని." తన చేతి మీది మూడు మచ్చల్ని ఆమె వేలితో మెల్లిగా ఒత్తింది. "నేనాయనతో చివర మాట్లాడిన మాటలవి. తరవాత అంబులెన్సులో మాస్కు పెట్టేశారు. ఆ మంచం మీద పడుకుంటే, చెబుదామనుకున్నాను."

బస్సు వచ్చింది. ఫ్వెన్‌సాంతా రోడ్డు దాటి గోతం ఎత్తుకుంది. దొమితిలా సాయం పట్టబోతే, "వద్దక్కా, ముట్టుకోకండి, మీకు అంటుకుంటాయి" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, కేవలం అలవాటు. డ్రైవరు ఆ నల్లటి గోతాన్ని ఒకసారి చూసి, కింద డిక్కీ తలుపు తెరిచాడు. ఆమె ఎక్కి కూర్చుని కిటికీకి అవతలివైపు తిరిగింది. బస్సు లియోను వైపు కాదు, ఆమె నడిచి వచ్చిన వైపుకే వెళ్లింది.

దొమితిలా వెనక్కి నడిచింది. బాణాలకు ఎదురు. దారిలో వచ్చేవాళ్లు వచ్చినట్టే చెప్పారు. "అమ్మా, అటు కాదు. దారి తప్పారు." ఆమె అందరికీ తలూపింది.

ఊళ్లోకి వచ్చేసరికి సత్రం గుమ్మం ముందు ఇద్దరు కూర్చుని ఉన్నారు. మధ్యవయసు మనిషి, ఆయన భార్య. ఆమె బూటు విప్పి బొబ్బను చూసుకుంటోంది. తలుపుకు కొత్త తాళం, గొలుసు.

"మీరేనా ఇక్కడ చూసేది?" అన్నాడు ఆయన లేచి. "తలుపు ఎప్పుడు తీస్తారు? ఈవిడ ఇంక ఒక్కడుగు వెయ్యలేదు. మేం శుభ్రంగానే ఉన్నామండి, కావాలంటే చూసుకోండి." దగ్గరికి వస్తూనే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

దొమితిలా దారి మధ్యలోనే ఆగిపోయింది.

"దించుకో నాయనా" అంది. "చెయ్యి దించుకో. నా దగ్గరకు రాకండి. అక్కడే ఉండండి ఇద్దరూ."

అదండీ. ఇప్పుడు సత్రం గుమ్మం ముందు గడ్డి మొలిచింది. నేను కూర్చున్న ఈ బారుకు కూడా షట్టరు దించి ఉంది, కుర్చీ ఒక్కటే బయట వదిలేశారు. మీకు తెలిసినవాళ్లలో, ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టి ఒళ్లు చూసి లోపలికి రానిచ్చేవాళ్లుంటే, ఈ కథ వాళ్లకు పంపండి. పంపేముందు మీరు కూర్చున్న మెత్త ఒకసారి తిరగేసి చూసుకుని పంపండి. ఉంటానండి మరి, గాలి పెరిగింది.